షాలిమార్ కొట్టుకుంటే "రహస్యమైన స్త్రీ" అయిపోతామా?

సిరిపురం_శ్రీ
మా ఆడపడుచు పారిస్ మీదుగా వస్తూ ఎయిర్‌పోర్టులో గెర్లాన్ అనే ఫ్రెంచి కంపెనీ వాళ్ల షాలిమార్ సెంటు కొనుక్కొచ్చింది, నాకోసం. ఇస్తూ ఇస్తూ "ఇది నీ టైపు కాదులే వదినా, అయినా వాడి చూడు" అంది. అప్పట్నుంచి ఆ మాట చెవిలో జోరీగలా తిరుగుతోంది.

నా టైపు కాకపోతే ఎవరి టైపో చూద్దామని దాని గురించి దొరికిందల్లా చదివాను. ఎక్కడ చూసినా మోహం, వెన్నెల రాత్రి, నిషిద్ధ ప్రేమ, అంతు చిక్కని ఆడది. నేను బ్యాంకులో గోల్డ్ లోన్ కౌంటర్లో కూర్చుంటాను. నా దగ్గరున్న రహస్యం లాకర్ తాళం ఒక్కటే.

సోమవారం కొట్టుకుని వెళ్లాను. పక్క సీటు ఆవిడ "ఎవరిదమ్మా బర్త్‌డే, కేకు వాసనొస్తోంది" అంది. మేనేజర్ గారు ఏసీ ఫిల్టర్ చూడమని మెకానిక్‌ని పిలిపించారు. మధ్యాహ్నం హార్బర్ నుంచి చేపల వ్యాపారం చేసే ఒకావిడ గాజులు విడిపించుకోడానికొచ్చింది. రసీదు మీద వేలిముద్ర వేస్తూ వేస్తూ ఆగి, కౌంటర్ మీదికి వంగి, "ఏ గుడికెళ్లొచ్చినావమ్మా, ధూపం వాసనేస్తంది" అంది. మోహం, నిషిద్ధ ప్రేమ ఎవరికీ తట్టలేదు.

అసలు సెంటుకీ మనిషి స్వభావానికీ సంబంధం ఏమైనా ఉందా, లేక ఇదంతా అమ్ముకునేవాళ్లు అల్లిన కథా? ఉంచుకోనా, ఆవిడకే తిరిగిచ్చేయనా?

గాజువాక_గోల
తిరిగిచ్చేస్తే మీ స్వభావం ఏంటో మీ ఆడపడుచుకి బాగా అర్థమవుతుంది.

పెదవాల్తేరు_పిన్ని
ఇవ్వకు తల్లీ. ఆడపడుచు పెట్టింది ఏదైనా సరే బీరువాలో ముందు వరసలో ఉండాలి. వచ్చినప్పుడు తలుపు తీయగానే కనపడాలి. వాడావా లేదా అన్నది తర్వాత.

డాల్ఫిన్‌నోస్
శ్రీ గారూ, మీకొచ్చింది చిన్నా చితకా సీసా కాదు. షాలిమార్‌ని జాక్ గెర్లాన్ చేశాడు. 1925లో పారిస్‌లో పెద్ద అలంకార కళల ప్రదర్శన జరిగింది, అక్కడ బయటికొచ్చి పేరు తెచ్చుకుంది. వందేళ్లు దాటినా ఇంకా అమ్ముతున్నారు. ఆ సీసా ఆకారం మొఘల్ తోటల్లోని ఫౌంటెన్ తొట్టిని చూసి గీసిందే, మూత మీద నీలం రంగు కూడా అందుకే. షాజహాన్, ముంతాజ్ షాలిమార్ తోటలో ప్రేమించుకున్నారన్న కథ మీద మొత్తం అమ్మకం నడిచింది. అప్పట్లో ఫ్రాన్స్‌లో మర్యాదస్తురాలు చేయని పనులు మూడు అనేవారట: సిగరెట్ కాల్చడం, టాంగో డాన్సు ఆడటం, షాలిమార్ పూసుకోవడం. "నిషిద్ధం" అన్న ముద్ర అక్కణ్ణుంచి పడింది.

వాసన సంగతి. ముందు తగిలే పై వాసన బెర్గమాట్, అంటే నిమ్మ నారింజ జాతి కాయ తొక్క నూనె. అది కాసేపట్లోనే పోతుంది. కింద చివరిదాకా ఉండేది వెనిలా. మామూలు వెనిలా కాదు, ఇథైల్ వెనిలిన్ అని ఫ్యాక్టరీలో తయారయ్యేది, ఇంకా ఘాటు. మీ పక్క సీటు ఆవిడకి కేకు గుర్తొచ్చిందంటే తప్పు ఆవిడది కాదు. మనకి వెనిలా అంటే కేకు, ఐస్‌క్రీమ్, బిస్కెట్.

మద్దిలపాలెం_మధు
డాల్ఫిన్‌నోస్ గారూ, డాల్ఫిన్లకి వాసనే తెలీదు, ఆ నరమే ఉండదు. మీరు పేరు మార్చుకోవాలేమో.

డాల్ఫిన్‌నోస్
నేను మన వైజాగ్ కొండ పేరు పెట్టుకున్నాను బాబూ, చేప పేరు కాదు.

కెమిస్ట్రీ_మాస్టారు
అది చేప కూడా కాదు. సరే, అది వదిలేద్దాం.

డాల్ఫిన్‌నోస్ గారు చెప్పిన ప్రేమకథలో ఒక చిక్కుంది. గెర్లాన్ వాళ్లు చెప్పేది లాహోర్ షాలిమార్ తోట. దాన్ని షాజహాన్ కట్టించడం మొదలైంది 1641లో. ముంతాజ్ చనిపోయింది 1631లో. పదేళ్ల తర్వాత కట్టిన తోటలో ఆవిడ ఎలా విహరిస్తుంది? కశ్మీర్‌లోనూ ఒక షాలిమార్ బాగ్ ఉంది, జహంగీర్ 1619లో వేయించింది. ప్రేమించుకుంటే గించుకుంటే అక్కడ ప్రేమించుకుని ఉండాలి. కథ కావాలన్నవాడికి సంవత్సరాలతో పనేముంది.

ఇక ధూపం సంగతి. ఈ మొత్తం చర్చలో మార్కులు వేయమంటే హార్బర్ ఆవిడకే వేస్తాను. షాలిమార్ అడుగున ఓపోపనాక్స్ అని ఒక చెట్టు బంక ఉంటుంది. ఆ చెట్టు మన మహిసాక్షి చెట్టుకి దగ్గర చుట్టం, రెండూ ఒకే కుటుంబం, ఒకే ప్రజాతి. మహిసాక్షి అంటే మన పెద్దవాళ్లు సాంబ్రాణితో కలిపి నిప్పుల మీద వేసేదే. ఆవిడ ముక్కు తప్పు చెప్పలేదు.

సిరిపురం_శ్రీ
మాస్టారూ, ఇది చదివి ఇప్పుడే మణికట్టు వాసన చూసుకున్నాను. నిజమే! అంటే వందేళ్లుగా ఫ్రెంచివాళ్లు మోహం అనుకుంటున్నది మా అమ్మమ్మగారి పూజగదా?

ఉప్పుగాలి
నేను అనబోయేది అదే. సెంటులో స్వభావం ఏమీ ఉండదు. ముక్కు దాన్ని ఇంతకుముందు ఎక్కడ పీల్చిందో అదే పైకి వస్తుంది.

మా అక్క అనుభవం చెప్తా. బావ దుబాయ్ నుంచి ఫ్రకా అనే సెంటు తెచ్చాడు. 1948 నాటిది, జెర్మేన్ సెల్లియే అనే ఆవిడ చేసింది, ఆ రోజుల్లో ఈ రంగంలో ఆడవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. అందులో సింహభాగం ట్యూబ్‌రోజ్. అంటే మన దండల్లో గుచ్చే లిల్లీ పూలు. పాశ్చాత్యులకి ట్యూబ్‌రోజ్ అంటే వలపు, తెగింపు, నలుగురూ తలతిప్పి చూసే ఆడది. అక్క అది కొట్టుకుని సీతమ్మధారలో తోడికోడలి ఇంటికి పేరంటానికి వెళ్లింది. ముసలావిడ ఒకామె "ఎవరు పోయారమ్మా" అని అడిగింది.

గాజువాక_గోల
😂😂 నలుగురూ తలతిప్పి చూశారుగా మరి. ఫ్రెంచివాడు చెప్పింది జరిగింది.

సంపెంగ_రేకు
అలా అనకండి, లిల్లీ దండ పెళ్లిలోనూ ఉంటుంది. పూర్ణా మార్కెట్లో తెల్లారుజామున వెళ్లి చూడండి, ఒకే గంపలోంచి కొంత కల్యాణ మండపానికి వెళ్తుంది, కొంత ఇంకోచోటికి వెళ్తుంది. ముసలావిడ ఈ మధ్య రెండో రకం ఇళ్లకే ఎక్కువ వెళ్లి ఉంటుంది, పాపం.

రుషికొండ_రమ
ఉప్పుగాలి గారితో నేను సగమే ఒప్పుకుంటా. ఎదుటివాళ్లకి ఏం గుర్తొస్తుందన్నది వాళ్ల ఇష్టం. కానీ కొట్టుకున్న మనిషి నడక మారుతుంది, అది నేను నాలోనే చూశాను. క్లయింట్ కాల్ రోజు నేను షనెల్ నంబర్ 5 కొట్టుకుంటా. వీడియో కాల్‌లో అవతలివాడికి వాసన రాదని నాకూ తెలుసు. అయినా అది వేసుకున్న రోజు నా గొంతు గట్టిగా ఉంటుంది. చీర కట్టిన రోజు వెన్ను నిటారుగా ఉండదూ, అలాంటిదే.

ఇంకో మాట. మా టీమ్‌లో ఒకమ్మాయి మ్యూగ్లర్ వాళ్ల ఏంజెల్ వాడుతుంది, నక్షత్రం ఆకారం సీసా. 1992లో వచ్చింది. అందులో ఇథైల్ మాల్టాల్ అని కాల్చిన పంచదార వాసన వచ్చే పదార్థం దండిగా వేశారు, తినుబండారాల వాసనల సెంట్లకి అదే దారి వేసిందంటారు. మా వాళ్లు ఆ అమ్మాయికి "పీచుమిఠాయి" అని పేరు పెట్టారు. బీచ్‌లో కర్రకి గుచ్చి అమ్మే గులాబీ రంగు పీచుమిఠాయి అచ్చం ఆ వాసనే. పేరు విని మెత్తటి మనిషి అనుకుంటారు. ఆమె కోడ్ రివ్యూ చేస్తే సీనియర్లు కూడా లేచి నిలబడతారు.

మద్దిలపాలెం_మధు
రమ గారూ, ఏంజెల్‌లో పంచదార ఒక్కటే లేదు, కింద పచ్చౌలి అనే ఆకు నూనె దట్టంగా ఉంటుంది. తడి మట్టి, పాత చెక్క వాసన. ముందు మిఠాయి, కాసేపాగితే మట్టి. మీ కొలీగ్ సరిగ్గా అదే, కోడ్ రివ్యూ దాకా ఆగితే తెలిసింది మీకు.

రుషికొండ_రమ
ఇప్పుడు మీరే సెంటుని బట్టి స్వభావం చెప్తున్నారు!

మద్దిలపాలెం_మధు
దొరికిపోయా.

షేర్‌ఆటో_బాధితుడు
ఎవరి స్వభావం ఏదైనా గానీ, జగదాంబ నుంచి ఎన్ఏడీ దాకా ఒక్కో ఆటోలో ఏడుగురి స్వభావాలు ఒకేసారి పీల్చాలంటే నా వల్ల కాదు. నాకు మైగ్రేన్ ఉంది. ఘాటు సెంటు తగిలితే ఆ రోజంతా మంచమే. దయచేసి ఇంత రాసేవాళ్లు పక్కవాడి ముక్కు గురించి కూడా ఒక లైను రాయండి.

డాల్ఫిన్‌నోస్
మీది న్యాయమైన గొడవే. 1985లో డియోర్ వాళ్ల పాయిజన్ అనే సెంటు వచ్చినప్పుడు దాని ఘాటుకి అమెరికాలో కొన్ని రెస్టారెంట్లు అది కొట్టుకుని రావద్దని చెప్పాయి. సమస్య ఏంటంటే కొట్టుకున్నవాళ్లకి తెలీదు. ఒకే వాసన పదిహేను ఇరవై నిమిషాలు పీలిస్తే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. పోయిందనుకుని మళ్లీ కొడతారు, పక్కవాడికి రెట్టింపు.

పెదవాల్తేరు_పిన్ని
మా మరిది అంతే. పెళ్లికి బయల్దేరే ముందు ఒకసారి, కారెక్కి ఒకసారి, దిగి ఒకసారి. ఫొటోల్లో ఆయన పక్కన ఎవరూ ఉండరు.

అత్తరు_తాత_మనవడు
మా తాత వన్‌టౌన్లో అత్తరు అమ్మేవాడు. ఆయన దగ్గర ఆడ సీసా, మగ సీసా అని లేవు. గులాబీ, మల్లె, వట్టివేరు, మొగలి, మట్టి అత్తరు, అంతే. కొనేవాడు వస్తే స్వభావం అడిగేవాడు కాదు. "ఏ కాలానికి" అని అడిగేవాడు. ఎండలకైతే వట్టివేరు, చలికైతే వేడి చేసే ముదురు వాసనలు. కన్నౌజ్‌లో రాగి డేగిసాల్లో పూలు ఉడికించి, ఆవిరిని చందన తైలంలోకి దింపి చేస్తారు. అందులో స్పిరిట్ ఉండదు కాబట్టి పక్కవాడి మీదికి ఎగరదు, చర్మాన్ని అంటుకునే ఉంటుంది. షేర్ ఆటో అన్నయ్యకి అదే మేలు.

మొగలి గురించి ఇంకొకటి. అది దూరం నుంచి రాదు. మన శ్రీకాకుళం దాటితే ఒడిశా గంజాం జిల్లా, మొగలి నూనెకి దేశంలో పెద్ద అడ్డా అదే. మనకి పక్కూరు సరుకు, అయినా మన ఆడవాళ్లకి అది మిఠాయి వాసన అయిపోయింది. సెంటుగా కొనరు.

సంపెంగ_రేకు
తాత గారి ప్రశ్న బాగుంది. సింహాచలం సంపెంగలు వచ్చే రోజుల్లో నాకు ఏ సీసా అక్కర్లేదు. ఆకులో చుట్టి ఇస్తారు, బస్సు దిగేలోపు బ్యాగంతా అదే వాసన.

కానీ ఈ చర్చలో పూలకి అన్యాయం జరుగుతోంది, అందరూ వెనిలా పంచదార అంటున్నారు. 1930లో జాన్ పటూ అనే ఆయన జాయ్ అని ఒకటి తెచ్చాడు. అంతకుముందు ఏడాదే అమెరికాలో షేర్ మార్కెట్ కుప్పకూలింది, ఆయన కస్టమర్లంతా దివాలా. అప్పుడు ప్రపంచంలోకెల్లా ఖరీదైన సెంటు ఇదే అని అమ్మాడు. ఔన్సుకి 10,600 జాజిపూలు, 28 డజన్ల గులాబీలు అని కంపెనీ చెప్పుకునేది. ఫ్రాన్స్‌లో గ్రాస్ అనే ఊళ్లో పండించేది మన జాజే. మల్లె వేరు జాతి. ఆ పదివేల పువ్వుల లెక్క మా అమ్మకి చెప్తే "అన్ని పూలు కోసి చెట్టుని బోడి చేసి సీసాలో పోశారా, జడలో పెట్టుకుంటే సరిపోయేదిగా" అంది. అప్పటి పారిస్‌లో జాయ్ పూసుకుందంటే డబ్బున్న స్త్రీ అని అర్థం. మా అమ్మ అదే వాసనతో రేషన్ క్యూలో నిలబడేది.

కెమిస్ట్రీ_మాస్టారు
పూలలోనే అసలు తమాషా ఉంది. మల్లె జాజుల్లో ఇండోల్ అనే పదార్థం సహజంగా ఉంటుంది. విడిగా గాఢంగా వాసన చూస్తే మలం కంపు. పువ్వులో చిటికెడు ఉంటేనే ఆ మత్తు. ఫ్రెంచివాళ్లు "మోహం" అని రాసుకునేది చాలావరకు ఈ ఇండోలే. మనకి రోజూ జడలో ఉండేది కాబట్టి అదే వాసన పెళ్లి, శుక్రవారం, గుడి.

గాజువాక_గోల
మాస్టారూ, రేపు మా ఆవిడ మల్లెపూలు పెట్టుకుంటే నేను ఏమనుకోవాలి ఇప్పుడు.

పెదవాల్తేరు_పిన్ని
ఏమీ అనుకోకు నాయనా. తెచ్చి ఇచ్చి ఊరుకో.

ఉప్పుగాలి
రమ గారు అన్నదానికి. చీర కట్టినప్పుడు వెన్ను నిటారవుతుందన్నారు, ఒప్పుకుంటా. అయితే అక్కడ పని చేస్తోంది నంబర్ 5 లోని పూలా, దాని పేరా? సీసా మీద లేబుల్ పీకేసి ఎవరో లోకల్ సెంటు అని ఇస్తే గొంతు అంతే గట్టిగా ఉంటుందా?

రుషికొండ_రమ
నిజం చెప్పాలంటే ఉండదేమో. 1921లో ఎర్నెస్ట్ బో చేసినప్పటి నుంచి ఆ పేరు మీద జరిగిన ప్రచారమంతా నేనూ పీలుస్తున్నాను. అందులో ఆల్డిహైడ్లు అనే ఫ్యాక్టరీ వాసన పదార్థాలు ఎక్కువ, మొదటిసారి మా వాళ్లు వాసన చూసి "ఖరీదైన సబ్బు" అన్నారు. ఆ పేరు తెలిశాక "అబ్బో" అన్నారు. కానీ ఏం పోయింది చెప్పండి? మంగళసూత్రం కూడా బంగారమేగా, గొలుసూ బంగారమే. విలువ మనం ఇచ్చినదే. ఇచ్చుకున్నాక అది ఉత్తిదే అంటే నేను ఒప్పుకోను.

ఉప్పుగాలి
దీనికి నా దగ్గర జవాబు లేదు. రాత్రికి ఆలోచిస్తా.

నైట్‌షిఫ్ట్_నాని
మగాణ్ణి, షాలిమార్ వాడతాను. చెప్పేశాను. మా అక్క సీసా. రాత్రి డ్యూటీకి పోర్టు వైపు వెళ్తూ చెవి వెనక ఒక్క చుక్క. ఆ బొగ్గు దుమ్ములో, ఉప్పు గాలిలో అది వేరేగా ఉంటుంది, పొగ పట్టిన తోలు వాసనొకటి బయటికొస్తుంది. మా గార్డు బాబాయి నన్ను ఎప్పుడూ సాంబ్రాణి అమ్మే వాడివా అని అడగలేదు. "గట్టి సెంటు రా" అన్నాడు. నా స్వభావం ఏంటో చెప్పండి ఇప్పుడు.

మద్దిలపాలెం_మధు
అక్క సొమ్ము వాడుకునే తమ్ముడు.

డాల్ఫిన్‌నోస్
నాని చెప్పింది శ్రీ గారికి పనికొస్తుంది. ఎంత వాడాడో చూడండి, ఒక్క చుక్క, అదీ రాత్రి చల్లగాలిలో. మీరు మే నెల సోమవారం పొద్దున వైజాగ్ ఉక్కపోతలో, మూసేసిన ఏసీ గదిలో కొట్టుకున్నారు. వేడికి సెంటు గబగబా ఆవిరవుతుంది, పైనున్న నిమ్మ తొక్క వాసన బస్సు దిగేలోపే పోయి, వెనిలా ఒక్కటే మిగిలి గది నింపేస్తుంది. డిసెంబర్ సాయంత్రం బీచ్ రోడ్డులో ఇదే సీసా వేరే మనిషి అవుతుంది.

ఎన్ని స్ప్రేలు కొట్టారు?

సిరిపురం_శ్రీ
నాలుగు. రెండు మెడకి, రెండు పైటకి.

డాల్ఫిన్‌నోస్
ఇక మీ మేనేజర్ ఏసీ మెకానిక్‌ని పిలిచారంటే తప్పేముంది! సీసా మీద ఓ డి పర్ఫ్యూమ్ అని ఉంటే అందులో వాసన సరుకే నూటికి పదిహేను ఇరవై పాళ్లు ఉంటుంది. ఒక్కటి చాలు, మోచేతి మడతలో. పైటకి అసలు వద్దు. షాలిమార్ రంగు తేనెలా ఉంటుంది, లేత రంగు పట్టు మీద మరక దిగితే పోదు, జరీ కూడా నల్లబడొచ్చు.

పెదవాల్తేరు_పిన్ని
ఏ చీర తల్లీ అది? మరక పడిందా?

సిరిపురం_శ్రీ
కాటనే పిన్నిగారూ, బతికిపోయాను.

నిన్న రాత్రి మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. "నీ టైపు కాదంటే ఏంటి నీ ఉద్దేశం" అని సూటిగానే అడిగా. ఆవిడ నవ్వి, "మా అమ్మ వాసనలా ఉంది వదినా ఇది, శుక్రవారం ధూపం వేసి తలకి సబ్బుతో స్నానం చేసొచ్చినట్టు. నీకు ముసలి వాసన అనిపిస్తుందేమోనని అన్నా, కానీ ఇంకెవరికీ ఇవ్వబుద్ధి కాలేదు" అంది. మా అత్తగారు పోయి రెండేళ్లయింది. ఆ మాట తర్వాత సెంటు గురించి ఏమీ మాట్లాడుకోలేదు, అత్తగారు చేసే ఉల్లిపాయ పులుసు గురించి మాట్లాడుకున్నాం.

సీసా ఉంచుకుంటున్నాను. ఆఫీసుకి కాదు, శనివారం సాయంత్రాలకి, ఒక్క స్ప్రే.

షేర్‌ఆటో_బాధితుడు
శనివారం సాయంత్రం మీరు ఏ రూట్లో వెళ్తారో ముందే చెప్పండి.

అత్తరు_తాత_మనవడు
శ్రీ గారూ, దాన్ని బాత్‌రూమ్ అల్మారాలో పెట్టకండి. ఆవిరికి, వేడికి పాడవుతుంది. డబ్బాలోనే ఉంచి చీకటి బీరువాలో పెట్టండి.

పెదవాల్తేరు_పిన్ని
ముందు వరసలో.

జగదాంబ_జానకి
అంతా చదివాను, ఆలస్యంగా వచ్చా. నాకొక అనుమానం. ఇలాంటిదే ఇన్‌స్టాలో మూడొంతుల తక్కువకి ఇస్తామంటున్నారు, "ఒరిజినల్ కాపీ" అట. కొనొచ్చా?

కెమిస్ట్రీ_మాస్టారు
ఒరిజినలో కాపీయో ముందు వాళ్లనే తేల్చుకోమనండి.

డాల్ఫిన్‌నోస్
వద్దు జానకి గారూ. సీసా అడుగున, డబ్బా మీద బ్యాచ్ నంబర్ ఒకటే ఉందా చూడాలి, అతికించిన సెల్లోఫేన్ మడతలు చూడాలి, అదంతా ఫోన్లో ఫొటో చూసి తేలదు. షాపుకెళ్లి కాగితం మీద కాకుండా చేతి మీద కొట్టించుకోండి. వెంటనే కొనకుండా ఇంటికి రండి. భోజనాల వేళకి చెయ్యి వాసన చూడండి, అప్పుడు ఉన్నదే అసలు సెంటు.

గాజువాక_గోల
భోజనం ముందా తర్వాతా? చేపల పులుసు రోజైతే ఫలితం తేడా వస్తుంది.